కట్టర్ పెద్ద టైల్‌ని వంకరగా విరుస్తోంది, షాపు వాపసు తీసుకోనంటోంది: నాకు హక్కు ఉందా?

ప్రశ్న: నేను టైల్స్ మేస్త్రీని. తోడుగా ఒక కుర్రాడు పని చేస్తాడు. 600×1200 మి.మీ. పోర్సలిన్ టైల్స్ పని వచ్చింది. టైల్ ఫోటో, సైజు వాట్సాప్‌లో షాపుకి పంపి, దీన్ని నిలువునా కోసే చేతి కట్టర్ కావాలని అడిగాను. "1200 వరకు కోస్తుంది, ఇది తీసుకోండి" అని ఒక మోడల్ చూపించారు. అదే కొన్నాను. 600 వైపు చక్కగా విరుగుతోంది. 1200 వైపు మాత్రం పగులు సగం దాకా గీత వెంట వచ్చి, అక్కడి నుంచి పక్కకు తిరిగిపోతోంది. పాడైన టైల్స్ డబ్బు ఇంటి యజమాని నా కూలిలో పట్టుకున్నారు. షాపులో అడిగితే "నీకు వాడటం రాదు, అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అంటున్నారు. కొని మూడు వారాలైంది. బిల్లు ఇవ్వలేదు. చిట్టీ ఒకటి, ఫోన్‌లో డబ్బు కట్టిన రుజువు ఉన్నాయి. పని కోసం కొన్న మెషిన్‌కి వినియోగదారుల కోర్టు వర్తించదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా? ఇంకోటి కొనాల్సి వస్తే ఏం చూసుకోవాలి?

జవాబు: మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారు కారని చట్టం అంటుంది, నిజమే. కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7)కి ఒక వివరణ ఉంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు సంపాదించుకోవడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందకు రాదు. పాత చట్టంలోని ఇలాంటి వివరణనే సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో విడమరచి చెప్పింది. పొట్టకూటి కోసం లేత్ మెషిన్ కొని తానే నడుపుకునేవాడు వినియోగదారే, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ హోదా పోదు అని ఆ తీర్పులో ఉంది. లేత్ బదులు టైల్ కట్టర్ పెట్టి చదవండి, అది మీ గురించే. అయితే ఫిర్యాదులో ఆ మాట మీరు స్పష్టంగా రాయాలి: "నేను స్వయంగా టైల్స్ పని చేసుకుని బతుకుతున్నాను, ఈ కట్టర్‌ను నేనే వాడతాను" అని. ఈ ఒక్క వాక్యం లేక మొదటి వాయిదాలోనే చిక్కుల్లో పడే ఫిర్యాదులు ఉంటాయి. నాలుగు ముఠాలను పెట్టి పనులు చేయించే కాంట్రాక్టర్ అయితే నా జవాబు వేరుగా ఉండేది.

ఇక అసలు బలం మీ వాట్సాప్‌లో ఉంది. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, కొనేవాడు ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి తెలివిడి మీద ఆధారపడితే, ఆ సరుకు ఆ పనికి పనికొచ్చేలా ఉండాలన్న షరతు ఒప్పందంలో దానంతట అదే చేరుతుంది. అమ్మేవాడు రోజూ అలాంటి సరుకు అమ్మేవాడై ఉండాలి, మీ విషయంలో అది ఉంది. ఇదే సెక్షన్‌లో ఒక మెలిక కూడా ఉంది. మీరే ఫలానా కంపెనీ ఫలానా మోడల్ ఇవ్వమని పేరు పెట్టి కొనుంటే "పనికొస్తుందో లేదో చూసుకోవాల్సింది మీరే" అని అమ్మేవాడు వాదించవచ్చు. మీరు మోడల్ అడగలేదు. టైల్ చూపించారు, పని చెప్పారు, మోడల్ వాళ్లు ఎంచారు. అందుకే ఆ మెసేజ్‌లు మీకు బిల్లు కంటే విలువైనవి. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు అవి మీ ఫోన్‌లోని అసలు మెసేజ్‌లేనని ధ్రువీకరించే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 కింద జతచేయండి.

షాపు వాళ్ల వాదన ఒక్కటే ఉంటుంది: మెషిన్ బాగుంది, చెయ్యే బాగాలేదు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, ఎందుకంటే చేతి కట్టర్‌లో అది నిజం కావడానికి చాలా వీలుంది. పోర్సలిన్ టైల్ నీటిని 0.5 శాతానికి మించి పీల్చుకోదు. అంత దట్టమైన, గట్టి పలక మీద కార్బైడ్ చక్రం సన్నని గీత పెడుతుంది. తర్వాత కట్టర్‌కి ఉండే విరిచే పాదాన్ని నొక్కితే పగులు ఆ గీత వెంట నడవాలి. గీత ఒక్కసారే, ఒకే ఒత్తిడితో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తెగకుండా పడాలి. గీత మీద గీత పెట్టినా, చక్రం మొద్దుబారినా, తీయాల్సిన ముక్క మరీ సన్నటి పట్టీ అయినా పగులు దారి తప్పుతుంది. కాబట్టి నేను మిమ్మల్ని ముందు అడిగే ప్రశ్న: మీరు నిలువునా తీసిన ముక్క వెడల్పు ఎంత? రెండు మూడు వేళ్ల వెడల్పు పట్టీలే విరిగి ఉంటే కేసు బలహీనం.

అందుకని ఫిర్యాదుకు ముందే ఒక పరీక్ష చేసి వీడియో తీయండి. కొత్త చక్రం వేయండి. 600×1200 టైల్‌ని సరిగ్గా మధ్యలో, 300, 300గా పడేలా నిలువునా గీయండి. విరవడానికి ముందు గీతను దగ్గరగా చూపించండి. చక్రం పలకను అంతటా తాకిందా, మధ్యలో ఎక్కడైనా గీత పలచబడిందా, తెగిందా? ఆ తర్వాత విరవండి. వేరే పెట్టెలోని టైల్‌తో మళ్లీ చేయండి, లేకపోతే టైల్‌లోనే లోపం అంటారు. ఇంకో మేస్త్రీ చేత కూడా ఒకటి కోయించండి. చక్రం జారే పొడవాటి పట్టా మధ్యలో వంగితే అక్కడ చక్రం ఒత్తిడి తగ్గుతుంది, గీత పలచబడుతుంది. ఎవరు కోసినా, ఏ టైల్ అయినా, గీత అదే చోట పలచబడి పగులు అక్కడే తిరుగుతుంటే "చెయ్యి బాగాలేదు" అనే మాట నిలవడం కష్టం. 600 వైపు మీరు చక్కగా కోస్తున్నారన్నది కూడా మీకు అనుకూలమే, దాన్నీ అదే వీడియోలో చూపించండి. విరిగిన ముక్కలు నాలుగైనా దాచండి, పెన్నుతో తేదీ వేయండి. అవసరమైతే వస్తువును నిపుణుల పరీక్షకు పంపే అధికారం 2019 చట్టంలోని సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్‌కు (మీరు కోర్టు అంటున్నది దీన్నే) ఉంది. కాబట్టి ఈ మధ్యలో మెషిన్ విప్పి బాగుచేసే ప్రయత్నం చేయకండి.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అనే మాటకు లోపం ఉన్న వస్తువు విషయంలో విలువ లేదు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకును వెనక్కి తీసుకోనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టంలోని సెక్షన్ 2(47) చెబుతుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కిందకు వస్తుంది. మీకు మూడు వారాలు గడిచాయి, అందుకే ఇదంతా ఈ వారంలోనే జరగాలి. ఇంకో సంగతి. సరుకు తిరస్కరిస్తున్నానని చెప్పకుండా తగినంత కాలం దగ్గర ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టే అని 1930 చట్టంలోని సెక్షన్ 42 అంటుంది. పరీక్ష కాగానే కట్టర్ వాడటం ఆపేయండి. 600 వైపు బాగానే కోస్తోంది కదా అని వేరే పనికి తీసుకెళ్తే, రేపు ఆ ఫోటోనే మీ ముందు పెడతారు. స్పీడ్ పోస్టులో ఒక నోటీసు పంపండి: ఏ పనికి అడిగాను, ఏం చెప్పి ఇచ్చారు, ఏమవుతోంది, డబ్బు వాపసు ఇవ్వాలి, కట్టర్ తీసుకెళ్లండి. అదే వాట్సాప్‌లోనూ పెట్టండి.

దిగిరాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చాలా గొడవలు అక్కడే తెగుతాయి. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే చోటే వేయవచ్చు, షాపు ఉన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. 5 లక్షల రూపాయల వరకు విలువున్న కొనుగోలుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు ఉంది, కానీ ఆలస్యం చేసిన కొద్దీ రుజువులు పలచబడతాయి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, ఉన్నది ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ముందే మనసులో పెట్టుకోండి.

కూలిలో పట్టుకున్న డబ్బు గురించి. యజమానికీ మీకూ మధ్య పాడైన టైల్స్ భారం ఎవరిదని మాట్లాడుకున్నారో అది వేరే ఒప్పందం. షాపు తప్పు వల్ల నష్టపోయానని మీరు పరిహారం అడగాలంటే ఎన్ని టైల్స్‌కి ఎంత పట్టుకున్నారో యజమాని చేత ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. అది లేకుండా నోటి మాటతో ఆ సొమ్ము రాబట్టడం కష్టం. లోపం కనిపించాక కూడా కోస్తూనే పోయి పాడుచేసినవి అడగకండి. నష్టం తగ్గించుకోవాల్సిన బాధ్యత మీకూ ఉంది.

కొత్తది కొనేటప్పుడు టైల్ పొడవుకు సమానంగా కట్టర్ పొడవు ఉంటే చాలనుకోకండి. 1200 టైల్‌కి 1200కి పైన కొంత పొడవు మిగిలేది చూడండి. ఏటవాలు పనుంటే లెక్క మారుతుంది, 600 వెడల్పు పలకను 45 డిగ్రీల్లో కోస్తే గీత పొడవు దాదాపు 849 మి.మీ. అవుతుంది. పట్టా మధ్యలో బొటనవేలితో నొక్కి వంగుతోందేమో చూడండి, కింది బల్ల టైల్‌ని రెండు వైపులా సమంగా మోస్తోందో చూడండి. పెట్టె మీద మందం ఎంత వరకు, ఏ రకం టైల్‌కి అని రాసి ఉంటుంది. "సెరామిక్" అని మాత్రమే ఉంటే పోర్సలిన్‌కి హామీ ఇచ్చినట్టు కాదు. 1200×2400 లాంటి పెద్ద పలకలకు బల్ల కట్టర్ వద్దే వద్దు, వాటికి పలక మీదే పరిచే విడి పట్టా, విరవడానికి పట్టుకారు ఉండే సెట్లు వేరే ఉంటాయి. ఎల్ ఆకారం కోతలకు, రంధ్రాలకు ఏ చేతి కట్టరూ పనికిరాదు, డైమండ్ బ్లేడు కావాలి. ఆ పని చేయలేదని కట్టర్ మీద కేసు వేస్తే నిలవదు.

మీ టైల్ ఒకటి షాపుకి పట్టుకెళ్లి, మీ చేత్తోనే నిలువునా కోసి చూశాక డబ్బు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో కొంటే పేజీలో రాసిన సైజు, మందం, టైల్ రకం కనిపించేలా స్క్రీన్‌షాట్ దాచండి. చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని ఈ-కామర్స్ నియమాలు, 2020 చెబుతున్నాయి. ఎక్కడ కొన్నా బిల్లు మీ సొంత పేరున తీసుకోండి, దాని మీద "600×1200 పోర్సలిన్, 9 మి.మీ. మందం, నిలువు కోతకు" అని షాపు వాళ్ల చేత్తోనే రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఆ మెషిన్ అక్కడే వదిలేసి రండి.