వేలు వాలింది, నాన్నకు చెప్పలేదు

ప్రశ్న: మెడిసిన్ చివరి ఏడాది చదువుతున్నాను. యూనివర్సిటీ జట్టుకు వికెట్‌కీపర్‌ని. సర్జన్ కావాలన్నది నా లక్ష్యం. ఎనిమిది రోజుల క్రితం బంతి ఎడమ ఉంగరపు వేలి కొసకు తగిలింది. చివరి కణుపు వాలిపోయింది, పైకి లేవడం లేదు. పక్క వేలితో కలిపి టేపు చుట్టుకుని ఆడుతున్నాను. ‘సర్జన్‌కి చేతులే ఆస్తి, ఆట మానెయ్’ అని నాన్న ఎప్పట్నుంచో అంటున్నారు. అమ్మకు మాత్రం చెప్పాను, దాచమన్నాను. ఏం చేయను?

జవాబు: ముందు వేలు, తర్వాతే నాన్నగారు.

ఈ రోజే ఎక్స్‌రే తీయించుకుని చేతి సర్జన్‌కి చూపించండి. మీరు చెప్పిన లక్షణాలు మాలెట్ ఫింగర్‌వి. వేలి కొసను పైకెత్తే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) ఎముక దగ్గర తెగి ఉంటుంది, లేదా చిన్న ఎముక ముక్కతో సహా ఊడి ఉంటుంది. పక్క వేలితో కడితే కొస వంగుతూనే ఉంటుంది, కాబట్టి ఆ టేపు దీనికి పనికిరాదు. ముక్క పెద్దదైనా, కీలు తప్పినా ఆపరేషన్ ఆలోచిస్తారు. లేకపోతే స్ప్లింట్ (వేలు వంగకుండా పట్టి ఉంచే గట్టి తొడుగు) చాలు. ఎనిమిది రోజులు దాటినా మించిపోయిందేమీ లేదు.

స్ప్లింట్ 6 నుంచి 8 వారాలు, రాత్రింబవళ్లు. చివరి కణుపు మాత్రమే నిటారుగా ఉండాలి, మధ్య కణుపు వంచుతూ ఉండాలి. తడి ఆరబెట్టడానికి తీసినప్పుడు వేలిని బల్ల మీద చదునుగా ఆనించండి, కొసను ఎత్తకండి. ఒక్కసారి వాలిందా, వారాల లెక్క మళ్లీ మొదటికే. చాలామందికి చెడేది స్నానాల గదిలో, సబ్బు చేత్తో ‘ఒక్క నిమిషమే కదా’ అనుకున్నప్పుడే. చర్మం తెల్లబడితే బిగువెక్కువైనట్టు, అలా వదిలేస్తే పుండు పడుతుంది. ఆ 6 నుంచి 8 వారాలు పూర్తయ్యాక ఇంకో 2 నుంచి 4 వారాలు స్ప్లింట్ రాత్రిపూట మాత్రమే. మొత్తం మీద 12 వారాలు కీపింగ్ లేదనుకోండి. స్ప్లింటుతో చేతులు సరిగా స్క్రబ్ చేయలేరు కాబట్టి థియేటర్‌లో సాయం చేసే పోస్టింగులు ఉంటే మీ యూనిట్ వాళ్లకు ఇప్పుడే చెప్పండి.

ఇక నాన్నగారు. 1923లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న రెగ్ బెటింగ్టన్ తర్వాత చెవి, ముక్కు, గొంతు సర్జన్ అయ్యారు. అలాంటి ఉదాహరణలు చెప్పి ఆయన్ను గెలవాలని చూడకండి. పైగా బెటింగ్టన్ లెగ్‌స్పిన్నర్, కీపర్ కాదు. మీ వేళ్లకున్న ముప్పు వేరు. నాన్నగారి భయంలో నిజముంది. ఆయనకు అంతకంటే పెద్ద దెబ్బ, మీరు దాచారని వేరెవరి నోటి నుంచో తెలియడం.

ఎక్స్‌రే చేతికి వచ్చాక, ఆయన ఒంటరిగా ఉన్న వేళ చూసి మూడే మాటలు చెప్పండి: ఏం జరిగింది, వైద్యం ఎన్ని వారాలు, అంతవరకు గ్లవ్స్ ముట్టుకోనని. ‘ఇక బ్యాటే పట్టను’ అని ఆవేశంలో మాటివ్వకండి. నిలబెట్టుకోలేరు, మళ్లీ దాపరికమే మిగులుతుంది. నా అభిప్రాయం అడిగితే ఆట మానక్కర్లేదు, కీపింగ్ మానండి. వేలు నయమయ్యాక బ్యాటింగ్ చేయండి, బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేయండి. రాత్రి డ్యూటీ చేసిన మర్నాడు మాత్రం మైదానంలో దిగకండి, నిద్ర లేని కళ్లకు బంతి ఆలస్యంగా కనిపిస్తుంది.

అమ్మగారికి ఈ సాయంత్రమే చెప్పండి, ఇక దాచక్కర్లేదని.