జూన్ పదో తేదీన పుట్టిన పిల్లలు

ప్రభుత్వ బడుల్లోకీ కోర్టుల్లోకీ కృత్రిమ మేధ (ఏఐ) వస్తే పేదవాళ్లకు మంచి చదువు, త్వరగా న్యాయం దొరుకుతాయా అని అడిగారు. త్వరగా దొరుకుతాయి, అందులో నాకు అనుమానం లేదు. దొరికింది చదువేనా, న్యాయమేనా అన్నది మాత్రం ఆ యంత్రం ఏ కాగితాలు చూసి చెబుతోందో దాన్నిబట్టి ఉంటుంది. నేను తెలంగాణలో, నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక తండాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ని. అలాంటి కాగితాల మధ్యే నా ఉద్యోగం గడిచింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను: వాటిని మాత్రమే నమ్మి ఏ పిల్లవాడి చదువూ, ఏ మనిషి శిక్షా తేల్చకూడదు. రాసి ఉన్నదాన్ని నిలదీసే మనిషి ఒకరు ఉండి తీరాలి.

కొన్నేళ్ల క్రితం, నేను ఇన్‌చార్జి హెడ్మాస్టర్‌గా ఉన్నప్పుడు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మా బడిలో చదివి వెళ్లిన ఒక కుర్రాడి వయసు తేలాలి, అడ్మిషన్ రిజిస్టర్ తీసుకుని రమ్మన్నారు. దసరా రోజుల్లో జరిగిన దొంగతనం కేసు అది. అప్పటికి అతనికి 18 నిండి ఉంటే మామూలు కోర్టులోనే విచారణ, నిండకపోతే పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం వయసు తేల్చడానికి ముందుగా చూసేది బడి ఇచ్చే పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చే జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. చట్టం దృష్టిలో మా రిజిస్టర్‌కు ఉన్న విలువ అంతటిది.

అట్ట ఊడిపోయి, అంచులు చెదలు తిన్న ఆ రిజిస్టర్‌ను గుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. బోనులో నిలబడి ప్రమాణం చేసి, పుట్టిన తేదీ జూన్ 10 అని చదివాను. ఆ లెక్కన దసరా నాటికే 18 నిండాయి. ఇక అడగడానికి ఏమీ లేదన్నట్టు ప్రభుత్వ న్యాయవాది కూర్చున్నారు. కుర్రాడి తరఫు లాయరు లేచి ఒక్క మాట అడిగారు. "సార్, ఆ పేజీలో మిగతా పిల్లల పుట్టిన తేదీలు కూడా చదవండి."

చదివాను. జూన్ 10. జూన్ 10. జూన్ 10. ఒక జూన్ 12. మళ్లీ జూన్ 10. హాలులో ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. రిజిస్టర్ తెప్పించుకుని ముందు పేజీలు, వెనక పేజీలు స్వయంగా తిప్పి చూశారు. తేదీలన్నీ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. తండ్రి సంతకం ఉండాల్సిన గడిలో వేలిముద్రలు, కొన్నిచోట్ల అవి కూడా లేవు. "ఈ తేదీలు ఎవరు చెప్పారు?" అని నన్ను అడిగారు. రాసిన సార్ ఇప్పుడు లేరని, బడి తెరిచే నాటికి అయిదేళ్లు నిండినట్టు తేదీ వేసి చేర్చుకోవడం తండా బడుల్లో ఎప్పటినుంచో ఉన్నదేనని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పాత సార్‌ను నేను తప్పుపట్టను. తల్లిదండ్రులు ముంబైకో పుణెకో పనికి పోతే, నాయనమ్మ చేయి పట్టుకుని బడికి వచ్చిన పిల్లవాణ్ని పుట్టిన తేదీ తెలియదని వెనక్కి పంపడానికి ఏ ఉపాధ్యాయుడికి మనసొప్పుతుంది?

తరువాత తల్లిని పిలిచారు. ఆమెకు తేదీ తెలియదు, నెల పేరు కూడా చెప్పలేకపోయింది. "పత్తి ఏరే రోజులు సారూ. నొప్పులు వస్తే చేలోంచే ఇంటికి తీసుకొచ్చారు" అంది. జడ్జి తెలుగులోనే, ఏమాత్రం విసుగు లేకుండా అడుగుతూ పోయారు. మొదటిసారి ఏరేటప్పుడా, రెండోసారా? పెద్దపిల్ల అప్పటికి నడుస్తోందా? ఆ ఏడు దీపావళి అయిపోయిందా? అయిపోయిందని ఆమె చెప్పింది. మా వైపు జూన్‌లో పత్తి గింజలు పెడతారు గాని పత్తి ఏరరు. దీపావళి దాటాక పుట్టినవాడికి దసరా నాటికి 18 నిండవు. ఆ కుర్రాణ్ని బోర్డుకు పంపారని తరువాత లాయరు ఫోను చేసి చెప్పారు.

ఇప్పుడు ఆలోచించండి. అలాంటి తేదీలే ఈరోజు బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ యూడైస్‌లో ఉన్నాయి, బడి పత్రం చూపించి తీసుకున్న ప్రతి గుర్తింపు కార్డులోనూ ఉన్నాయి. తెర మీద సిరా కనిపించదు, చేతిరాత కనిపించదు, ఖాళీగా ఉన్న వేలిముద్ర గడి కనిపించదు. ఒకే తేదీ అన్నిసార్లు వచ్చిందని యంత్రం కూడా పసిగట్టగలదని మీరు అనవచ్చు. నిజమే, నాకన్నా ముందే పసిగడుతుంది. కానీ ఆ తల్లిని పిలిచి పత్తి గురించి అడగాలని దానికి తోచదు. తోచినా, ఆమె దానితో ఏమీ చెప్పదు.

బడి సంగతి కూడా ఇంతే. 2025లో మన రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మూడు నుంచి అయిదో తరగతి వరకు, తెలుగులోనూ గణితంలోనూ వెనుకబడిన పిల్లల కోసం ఏఐ పాఠాలు మొదలుపెట్టారు. ఆ ప్రయత్నాన్ని నేను తీసిపారేయను. ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడిపే మాలాంటి వాళ్లకు ఆ సాయం అవసరమే. నేను చూసింది వేరొకటి, పిల్లలు చదువుతుంటే మైకు విని మార్కులు వేసే ఒక యాప్. నాలుగో తరగతి అమ్మాయి ఒకతె మేక కథ చదువుతూ మధ్యలో ఆగి, "సార్, మేక గడ్డి కంటే తుమ్మకాయలే ఎక్కువ ఇష్టంగా తింటుంది" అంది. ఇంట్లో మేకలు కాసే పిల్ల, తప్పేమీ చెప్పలేదు. ఆగినందుకు, కథలో లేని మాటలు అన్నందుకు యాప్ ఆమెను అక్షరాల స్థాయికి దించింది. పక్కనే గడగడా చదివేసి, కథలో ఎవరున్నారో కూడా చెప్పలేని అబ్బాయికి నక్షత్రాలు ఇచ్చింది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులందరం కలిసే కాంప్లెక్స్ సమావేశంలో నన్ను అడిగింది ఆ అమ్మాయి స్థాయి ఎందుకు పడిపోయిందని మాత్రమే. తుమ్మకాయల సంగతి చెప్పడానికి ఆ పట్టికలో గడి లేదు. 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు పిల్లల స్థాయి మేమే రాసేవాళ్లం. తప్పు రాస్తే మరుసటి వారం మేమే దిద్దేవాళ్లం.

ముఖ గుర్తింపు హాజరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పిల్లలకు ఎప్పుడో వచ్చింది, 2025 ఆగస్టు నుంచి ఉపాధ్యాయులకూ పెట్టారు. హాజరు ఉండాల్సిందే, బడికి రాని ఉపాధ్యాయుణ్ని నేనూ సమర్థించను. కానీ సిగ్నల్ అందని తండాలో ఫోను పట్టుకుని వేపచెట్టు కింద, నీళ్ల ట్యాంకు దగ్గర తిరిగే సమయమంతా మొదటి పీరియడ్‌లోంచే పోతోంది. చేతి వేళ్లతో లెక్కపెట్టగలిగినంత మంది పిల్లలున్న బడిలో ఎవరు వచ్చారో నాకు తెలియదా?

ఇంగ్లండ్‌లో 2020లో కరోనా వల్ల పరీక్షలు లేక, బడుల పాత ఫలితాలను కూడా కలిపి కంప్యూటర్ సూత్రంతో పన్నెండో తరగతి పిల్లలకు గ్రేడ్లు ఇచ్చారు. ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లలో 40 శాతం దాకా కిందికి దిగాయి. పిల్లలు రోడ్డెక్కాక ఆగస్టు 17న దాన్ని వెనక్కి తీసుకున్నారు. అంతకుముందు బడి ఫలితాలు బాగా లేకపోతే ఈ ఏటి పిల్ల ఏం చేసింది? మా తండా బడికి అదే సూత్రం పెడితే మా పిల్లలు ఎప్పటికీ పైకి రారు.

మన రాష్ట్రంలో రేషన్ కార్డుల విషయమూ గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. యంత్రం తప్పును ప్రశ్నించడానికి పేదవాళ్లకు మిగిలిన చివరి చోటు కోర్టు. ఆ చివరి చోట కూడా తీర్పు యంత్రం చేతికే పోతే ఇక ఎక్కడికి వెళ్లాలి?

కోర్టుకు కంప్యూటర్ వద్దని నా వాదన కాదు. తీర్పుల అనువాదానికి సుప్రీంకోర్టు 2019లోనే సువాస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2023లో మన హైకోర్టు మొదటిసారి తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. మా తండా మనిషి తన కేసులో ఏం రాశారో తన పిల్లవాడితో చదివించుకోగలిగితే అంతకంటే ఏం కావాలి? అనువాదం, వాయిదాల జాబితా, పాత తీర్పులు వెతకడం, వీటికి వాడుకోండి. వెతికి ఇచ్చిందాన్ని కూడా సరిచూసుకోండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేనేలేని తీర్పులను కోర్టుకు చూపించి 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు.

కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టులకు ఒక విధానం ఇచ్చింది: తీర్పుకైనా, ఉత్తర్వుకైనా, ఏది నిజమో తేల్చడానికైనా ఏఐని వాడకూడదు. ప్రతి రాష్ట్రంలోనూ ఈ మాట రాతలో ఉండాలి, బడులకు కూడా రాయాలి. మీ పిల్లల బడికి ఇలాంటి యాప్ వస్తే దాని ధర, పేరు అడగకండి. అది వేసిన స్థాయిని క్లాసులో ఉన్న టీచరు మార్చగలరా, మార్చితే పై ఆఫీసులో ఆ మార్పే నిలుస్తుందా అని అడగండి. నిలవదని చెబితే ఒప్పుకోకండి, గ్రామసభలో లేవనెత్తండి.