తీర్పు చివర్లో చూపించు

చిన్నమ్మడూ,

బరంపురం నుంచి పెదనాన్న ఆశీస్సులు. లా కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరావని మీ నాన్న చెప్పాడు, చాలా సంతోషమైంది. కేసులతో పాఠం ఎలా చెప్పాలని అడిగావు కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

తీర్పు కాపీ మొదటిరోజే పిల్లల చేతిలో పెట్టకు. ప్రాక్టీసు చేస్తూ సాయంత్రాలు పాఠాలు చెప్పిన రోజుల్లో చాలా ఏళ్ళు నేను ఆ తప్పే చేశాను. ఎవరు గెలిచారో తెలిశాక ఓడినవాడి మాట ఎవరి చెవికీ ఎక్కదు. ముందు దావా, జవాబుదావా, కాగితాలు ఇవ్వు.

పర్లాకిమిడి వైపు దాయాదుల తగాదా ఒకటి, ఊరూ పేర్లూ మార్చి క్లాసులో పెట్టాను. తాతల నాటి పంపకాల కాగితం తెలుగులో ఉంది. 1936కు ముందు మనది మద్రాసు ప్రెసిడెన్సీయే కదా. భూమి రికార్డు ఒడియాలో. ఒక తెలుగు పిల్ల ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివితే, ఒడియా కుర్రాడు రికార్డు చదివాడు. కాగితంలో బావి ఉమ్మడి. రికార్డులో అది పెద్దవాడి వాటాలో ఉంది. హక్కు ఎవరిదని అందరూ వాదించుకుంటుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "ఇప్పుడా బావిలో నీళ్ళు ఎవరు తోడుకుంటున్నారు సార్?" అంది. కోర్టులో అన్నేళ్ళు ఎవరూ ఆ మాట అడగలేదు. చిన్నవాడి తరఫు వకీలుని నేనే, నేనూ అడగలేదు.

అక్కణ్ణుంచి క్లాసును రెండు పక్షాలు చేసి, రాజీ షరతులు రాయించు. మోటారు పాడైతే బాగుచేయించేదెవరు, కరెంటు బిల్లు ఎవరిది, అన్నీ రాయాలి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కాబట్టి ఒక్క మాట అటూఇటూగా ఉన్నా కొత్త తగువే.

అన్నీ రాజీకి పనికిరావు. 2010లో ఆఫ్కాన్స్ కేసులో సుప్రీంకోర్టు ఫోర్జరీ, మోసం వంటి తీవ్ర ఆరోపణలున్నవీ, క్రిమినల్ కేసులూ మామూలుగా ఇలాంటి రాజీ దారులకు తగవంది. దెబ్బలు తిన్న ఆడమనిషిని సర్దుకుపొమ్మనే పాఠం నీ క్లాసులో జరగకూడదు.

పెద్ద కేసులూ మన గుమ్మంలోనే ఉన్నాయి. ఒడిశా, ఆంధ్రల మధ్య సరిహద్దులోని కొటియా ఊళ్ళ తగువు 1968లో సుప్రీంకోర్టుకెళ్ళింది. 2006లో దావా కొట్టేశారు, తగువు తీరలేదు. వంశధార నీళ్ళది ట్రిబ్యునల్‌కెళ్ళి 2017లో తీర్పొచ్చింది. అవే రెండు రాష్ట్రాలు, దారులు వేరెందుకయ్యాయో పిల్లల్నే వెతకమను.

బావి కేసు కాగితాలు నా పెట్టెలో ఉన్నాయి. పేర్లు కొట్టేసి జిరాక్సు తీయిస్తాను, దసరాకి వచ్చి పట్టుకెళ్ళు. పంపకాల కాగితం గొలుసుకట్టు రాత, ముందు మనిద్దరం కూర్చుని చదువుదాం.

నీ పెదనాన్న