రాష్ట్రపతి ఎన్నికల్లో ఓడినవారు తరువాత ఏమవుతారు?

నల్గొండలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఓడిన అభ్యర్థికి రాజ్యాంగం ఏ పదవినీ, ఏ హోదానీ ఇవ్వదు. గెలుపుకు అవసరమైన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే కట్టిన 15,000 రూపాయల ధరావతు కూడా పోతుంది.

ఆ తరువాతి దారి మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. 1967లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవిని వదులుకొని పోటీ చేసిన కోకా సుబ్బారావు, జాకీర్ హుసేన్ చేతిలో ఓడాక మళ్లీ ఏ పదవిలోకీ రాలేదు. 1969లో లోక్‌సభ స్పీకరు పదవికి రాజీనామా చేసి నిలబడిన నీలం సంజీవరెడ్డి, సొంత పార్టీకే చెందిన ప్రధానమంత్రి ఇందిరాగాంధీయే ఆత్మప్రబోధం మేరకు ఓటు వేయమని పిలుపునివ్వడంతో వి.వి.గిరి చేతిలో ఓడి, అనంతపురం జిల్లాలోని ఇల్లూరుకు వెళ్లి వ్యవసాయం చేసుకున్నారు. నన్ను బాగా కదిలించే ఘట్టం ఇదే. స్పీకరు కుర్చీ నుంచి పొలం గట్టుకు వచ్చిన ఆ మనిషి 1977లో నంద్యాల నుంచి గెలిచి, మళ్లీ స్పీకరై, అదే ఏడాది ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

ఇది రాష్ట్రపతి ఎన్నికకే పరిమితం కాదు. 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ చేతిలో ఓడిన జైపాల్‌రెడ్డిని 1984లో మన పాలమూరు ఓటర్లే లోక్‌సభకు పంపారు.