పసిఫిక్ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలను ఒకే ప్రయాణంలో చుట్టి రావచ్చా? ఎక్కడ మొదలుపెడితే మంచిది?

ఒకే ప్రయాణంలో వద్దు. డబ్బు, సెలవు ఉంటే చుట్టి రావచ్చు, కానీ ఇంటికొచ్చాక విమానాశ్రయాలు తప్ప ఇంకేమీ గుర్తుండవు. నేను 2017 నుంచి 2019 దాకా మూడు విడతలుగా పెరూ, చిలీ, న్యూజిలాండ్, జపాన్ చూశాను. నాలుగే దేశాలు. అయినా ఈ సముద్రం గురించి నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది.

ముందుగా బడి గోడల మీద వేలాడే ప్రపంచ పటం సంగతి చెప్పాలి. అందులో పసిఫిక్‌ను నిలువునా కోసి ఒక ముక్కను ఎడమ అంచున, ఇంకో ముక్కను కుడి అంచున పడేస్తారు. భూమి ఉపరితలంలో దాదాపు మూడో వంతు ఈ సముద్రమే. ఖండాలన్నీ కలిపినా దీనికంటే చిన్నవి. ఆ పటం చూస్తూ పెరిగినవాళ్లకు చిలీ, జపాన్ లోకానికి చెరో కొసన ఉన్నట్టు అనిపిస్తాయి. నిజానికి అవి ఎదురెదురు ఇళ్లు, మధ్య వీధిలో నీళ్లున్నాయి అంతే. జపాన్‌లో పటాలు పసిఫిక్‌ను నడుమ పెట్టి గీస్తారు. ప్రయాణం ప్లాన్ చేసుకునే ముందు అలాంటి పటం ఒకటి సంపాదించండి.

మొదలుపెట్టడానికి పెరూ, చిలీ తీరం మంచిది. దూరప్రయాణం బస్సుల్లో దాదాపు పడుకునేలా వాలే సీట్లుంటాయి. పెరూలోని తక్నా నుంచి చిలీలోని అరికాకు షేర్ టాక్సీలో సరిహద్దు దాటవచ్చు, కాగితాల పనిలో డ్రైవరే దారి చూపిస్తాడు. సంచిలో పండు మిగిలి ఉంటే చిలీవాళ్ల ఫారంలో తప్పకుండా రాయండి, ఆ విషయంలో వాళ్లు చాలా కచ్చితం. ఎండ చూసి నీళ్లు వెచ్చగా ఉంటాయనుకోకండి. దక్షిణం నుంచి వచ్చే హంబోల్ట్ ప్రవాహం వల్ల అక్కడి సముద్రం చల్లగా ఉంటుంది. ఆ తీరం ఎడారిగా మారడానికి ఒక కారణం కూడా ఆ చల్లదనమే. అమెరికా మీదుగా వెళ్తే, విమానం మారడానికి కూడా మన పాస్‌పోర్టుకు వీసా కావాలి. బయట అడుగు కూడా పెట్టనివాడికి ఆ టెన్షన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చిలీ నుంచి న్యూజిలాండ్ వెళ్తే తేదీ రేఖ దాటాలి. నాకు క్యాలెండర్‌లో ఒక రోజు అసలు రానేలేదు.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు విషయం. 2018 మార్చిలో దక్షిణ చిలీలోని వాల్దివియాలో మూడు రోజులున్నాను. నది ఒడ్డున చేపల మార్కెట్, దాని వెనకే చేప ముక్కల కోసం కాచుకుని పడుకున్న సముద్ర సింహాలు. 1960 మే 22న వచ్చిన 9.5 తీవ్రత భూకంపానికి ఆ ఊరి పేరే పెట్టారు. పరికరాలు నమోదు చేసినవాటిలో అదే అతి పెద్దది. ఊరి బయట నేల కుంగి, పశువులు మేసిన చోట్లు చిత్తడి నేలలయ్యాయి. ఇప్పుడు అక్కడ నల్లమెడ హంసలు ఈదుతున్నాయి. పడవ నడిపే ఆయన నీళ్ల వైపు చెయ్యి చూపి, ఇదంతా ఒకప్పుడు పచ్చిక అన్నాడు. నేను ఫొటో తీసుకున్నాను.

మరుసటి ఏడాది మే నెలలో జపాన్‌లోని మినామిసన్‌రికుకు వెళ్లాను. 2011 సునామీలో కొట్టుకుపోయిన రైలు దారిని అక్కడ మళ్లీ వేయలేదు, ఆ దారిలోనే బస్సు నడుస్తోంది. బస్సు దిగితే దుకాణాల దగ్గర ఒక మోయి విగ్రహం, అంటే పెద్ద తల ఉన్న రాతి మనిషి! చిలీకి చెందిన ఈస్టర్ దీవి రాతితో ఆ దీవి శిల్పులే చెక్కింది. చిలీ 1991లో ఇచ్చిన మొదటి విగ్రహం తలను 2011 అల ఎత్తుకుపోతే, 2013లో ఇది వచ్చింది. ఎందుకు ఇచ్చారంటే, 1960 భూకంపానికి వాల్దివియా దగ్గర పుట్టిన సునామీ అల సుమారు 17 వేల కిలోమీటర్లు దాటి, ఒక రోజు కూడా గడవకముందే ఈ ఊరిని కూడా ముంచింది. జపాన్‌లో దాదాపు 140 మంది పోయారు. పసిఫిక్ దేశాలన్నీ కలిసి సునామీ హెచ్చరికల ఏర్పాటు చేసుకున్నది ఆ తర్వాతే, 1965లో.

ఎండు చేపలమ్మే పెద్దావిడతో నేను దిగిన బస యజమాని మాట కలిపి, ఆవిడ చెప్పేది నాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. 1960లో ఆవిడకు పన్నెండేళ్లట. భూమి కంపించనే లేదట. తెల్లవారుజామున సముద్రం వెనక్కి పోయి అడుగు బయటపడితే, నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని ఒక్కమాటా మాట్లాడకుండా కొండ మీదికి పరుగెత్తాడట. నాన్న ఉంగరం తన వేలికి ఎంత గట్టిగా ఒత్తుకుందో చూపించడానికి ఆవిడ నా వేళ్లు పట్టుకుని నొక్కింది.

నేను ఫోన్‌లో వాల్దివియా ఫొటో తీసి చూపించాను. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి, ఫోన్‌ను ముఖం దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. హంసలను వేలితో లెక్కపెట్టింది. తర్వాత ఏదో అడిగింది. బస యజమాని కాస్త ఆగి చెప్పాడు: "అక్కడివాళ్లలో ఎంతమంది పోయారు అని అడుగుతోంది."

మూడు రోజులు అక్కడ ఉండి, ఆ మాట నేను ఎవరినీ అడగలేదు.