కొత్త ఇంటికి సోలార్: రెండు కిలోవాట్లా, ఐదు కిలోవాట్లా?

ప్రశ్న: నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుణ్ణి. వయసు 42. హనుమకొండలో మాకున్న 200 గజాల స్థలంలో ఇల్లు కట్టుకోబోతున్నాం. అంచనా 50 లక్షలు. అందులో 20 లక్షలు సొంత డబ్బు, 30 లక్షలు 8 శాతం వడ్డీకి 20 ఏళ్ల గృహ రుణం. ఇది పోగా చేతిలో 4 లక్షలు మిగులుతాయి. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. బ్యాటరీతో సహా 5 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే బిల్లూ ఉండదు, కరెంటు కోతా ఉండదని మా బావమరిది అంటున్నాడు. దానికి 5,20,000 అడిగారు. బ్యాటరీ లేకుండా 3 కిలోవాట్లకు 1,95,000, 2 కిలోవాట్లకు 1,40,000 చెప్పారు. ఇప్పుడు ఒక ఏసీతో మామూలు నెలల్లో 180 యూనిట్లు, వేసవిలో 330 యూనిట్ల దాకా వాడుతున్నాం. కొత్త ఇంట్లో రెండు ఏసీలు ఉంటాయి. ఒక చిట్టీ పాడి, మిగిలిన 4 లక్షలకు కలిపి పెద్దదే పెట్టించమంటారా?

జవాబు: పెట్టించవద్దు. సోలార్ మీ ఇంటికి లాభసాటిదే, కానీ ఎంత పెద్దది పెడితే అంత లాభమన్న అభిప్రాయం మీ విషయంలో నిలవదు. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు కరెంటు బిల్లు ఎలా తయారవుతుందో చూడాలి.

తెలంగాణలో 2022-23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగం నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5.10 రూపాయలు, తర్వాతి వందకు 7.70, ఆ పై వందకు 9 రూపాయలు, 400 దాటి 800 వరకు 9.50 పడుతుంది. అదే 200 లోపు ఉంటే మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 మాత్రమే. అంటే 200 గీత దాటగానే పైన వాడిన నాలుగు యూనిట్లతో పాటు కింది 200 యూనిట్ల ధర కూడా మారిపోతుంది. (200 యూనిట్ల వరకు సున్నా బిల్లు ఇచ్చే గృహజ్యోతి పథకం ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు ఉద్దేశించినది కాబట్టి దాన్ని ఈ లెక్కలోకి తీసుకోలేదు.)

రెండో ఏసీని కూడా కలుపుకొని మీ కొత్త ఇంటి వాడకం ఎనిమిది నెలల పాటు 220 యూనిట్లు, మార్చి నుంచి జూన్ వరకు 420 యూనిట్లు అనుకుందాం. స్థిర ఛార్జీలు, సుంకం పక్కన పెడితే ఏడాదికి సుమారు 20,900 రూపాయల బిల్లు వస్తుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సోలార్ రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. వేసవిలో నెలకు 120, మిగతా నెలల్లో 110 యూనిట్లని లెక్క కడితే, మొదటి కిలోవాట్ మీకు ఏటా సుమారు 10,600 రూపాయలు మిగులుస్తుంది. రెండో కిలోవాట్ 7,400 మిగులుస్తుంది. మూడోది మిగిల్చేది 2,400 మాత్రమే. మొదటి రెండు కిలోవాట్లు ఖరీదైన యూనిట్లను తుడిచిపెట్టి, వేసవిలో కూడా మిమ్మల్ని 200 గీత కిందికి దించేస్తాయి. మూడోది వచ్చేసరికి తీసెయ్యడానికి చవక యూనిట్లే మిగిలి ఉంటాయి. నెట్ మీటరింగ్‌లో, అంటే మీరు వాడిన కరెంటులోంచి మీరు ఇచ్చినదాన్ని తీసేసి లెక్కగట్టే పద్ధతిలో, మిగులు యూనిట్లు గ్రిడ్‌కు (కరెంటు సరఫరా లైన్లకు) వెళతాయి గానీ, వాటికి విద్యుత్ పంపిణీ సంస్థ చెల్లించేది మీరు వేసవిలో కొనే ధర కంటే బాగా తక్కువ. ఇక 5 కిలోవాట్లయితే ఏటా 6,800 యూనిట్లు ఉత్పత్తి అవుతాయి. మీ అవసరం 3,440. సగం కరెంటును చవకగా అమ్ముకోవడానికి అప్పు చేసినట్లవుతుంది.

రాయితీ కూడా ఇదే దిశలో ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000 ఇస్తారు. మొత్తం 78,000 దాటదు కాబట్టి నాలుగు, ఐదు కిలోవాట్లకు పైసా రాదు. మీకు చెప్పిన ధరల్లోంచి రాయితీ తీసేస్తే 2 కిలోవాట్లు 80,000కు, 3 కిలోవాట్లు 1,17,000కు పడతాయి. మొదటిది నాలుగున్నరేళ్లలోపే తన ఖర్చును తాను రాబట్టుకుంటుంది. మూడో కిలోవాట్ మీద పెట్టే అదనపు 37,000 తిరిగి రావడానికి, మిగులు కరెంటు అమ్మకాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, పదిహేనేళ్లు పడుతుంది. రెండు మూడేళ్లలో ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలనీ, వంట కొంత ఇండక్షన్ పొయ్యి మీదికి మార్చాలనీ నిశ్చయించుకొని ఉంటే మూడు పెట్టుకోండి, తప్పు లేదు. లేకపోతే రెండు చాలు.

బ్యాటరీ విషయంలో మీ బావమరిదిగారి మాటలో సగం నిజముంది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపి నడిపే ఆన్‌గ్రిడ్ సోలార్, గ్రిడ్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బంది ప్రాణాలకు ముప్పు రాకుండా అలా తయారు చేస్తారు. ఈ సంగతి అమ్మేటప్పుడు చెప్పరు. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుండగా ఫ్యాన్లు ఆగిపోయాక తెలిసి నాకు కోపంగా ఫోన్ చేసినవారు ఉన్నారు. అయితే అప్పుడప్పుడు గంటా అరగంటా పోయే కరెంటు కోసం సోలార్ బ్యాటరీ మీద లక్షలు పెట్టనవసరం లేదు. ఫ్యాన్లు, లైట్లు, వైఫై విడి సర్క్యూట్‌లో ఉండేలా వైరింగ్ చేయించి, దానికి మామూలు ఇన్వర్టర్ ఒకటి తగిలిస్తే సరిపోతుంది.

మీరు అడగకపోయినా అసలు డబ్బు మిగిలే చోటు మరొకటుంది. ప్యానెళ్లను ఎప్పుడైనా బిగించుకోవచ్చు, గోడను మాత్రం మళ్లీ కట్టలేం. మీ వేసవి వాడకంలో పెద్ద భాగం ఏసీలదే, ఆ ఏసీలు రాత్రంతా పోరాడేది పగలు పైకప్పూ పడమటి గోడా పీల్చుకున్న వేడితోనే. పడమటి గోడకైనా వేడిని తక్కువగా లోపలికి రానిచ్చే తేలికపాటి ఏఏసీ సిమెంటు బ్లాకులు వాడటం, పడమర కిటికీలను చిన్నవిగా ఉంచి వాటికి లోతైన సజ్జాలు వేయించడం, పైకప్పు మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి టైల్స్ గానీ పూత గానీ వేయించడం మీ 50 లక్షల అంచనాలో పెద్ద తేడా తెచ్చే పనులు కావు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం మీ స్థలమంత ఉన్న ఇళ్లకు తప్పనిసరి కాకపోయినా పాటించదగినదే. 75 వాట్ల ఫ్యాన్ల బదులు 30 వాట్ల చుట్టుపక్కల తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఏసీల్లో ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ రకం ఎంచుకోండి. ఇవన్నీ కలిసి వేసవి వాడకాన్ని 420 నుంచి 350కి దించినా మూడో కిలోవాట్ చేసే పనిలో సగానికి పైగా జరిగిపోయినట్లే.

సోలార్ ఇప్పుడే కొనకపోయినా దాని కోసం ఇంట్లో చోటు ఇప్పుడే ఉంచాలి. మేడ మీది నుంచి మీటర్ బోర్డు దాకా గోడలో ఒక పైపు, ఎర్తింగ్ గుంతలకు స్థలం, కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల చొప్పున నీడ పడని జాగా కావాలి. వాస్తు ప్రకారం నీళ్ల ట్యాంకును నైరుతిలోనే పెడతారు కనుక చలికాలంలో మధ్యాహ్నం తర్వాత దాని నీడ ఈశాన్యం వైపు పడి మరీ పొడుగ్గా సాగుతుంది. కాబట్టి ప్యానెళ్లకు ఆగ్నేయ భాగాన్ని కేటాయించమని మీ ఇంజనీరుకు ముందే చెప్పండి. ఫ్రేమును మనిషి ఎత్తుకు పైన కట్టిస్తే కింద వడియాలు పెట్టుకోవడానికి చోటు ఉండదేమో గానీ, బట్టలు ఆరేసుకోవచ్చు. సోలార్ వాటర్ హీటర్ జోలికి వెళ్లవద్దు. హనుమకొండలో వేడినీళ్లు నిజంగా కావలసింది మూడు నాలుగు నెలలు, అందులోనూ బోరు నీళ్ల ఉప్పు దాని గొట్టాల్లో పేరుకుపోతుంది. మంచి నక్షత్రాల గీజర్ ఒకటి చాలు.

ఇక డబ్బు సంగతి. సూర్యఘర్ దరఖాస్తుకు మీ పేరున శాశ్వత కరెంటు కనెక్షన్ ఉండాలి కాబట్టి, నిర్మాణ దశలో తాత్కాలిక మీటర్ మీద ఆ పని కాదు. పైగా రాయితీ మీ ఖాతాలో పడేది ప్యానెళ్లు బిగించి, తనిఖీ పూర్తయ్యాక. అందుచేత 2 కిలోవాట్లకు మొదట మీరు 1,40,000 సమకూర్చుకోవాలి. ఈ మొత్తాన్ని గృహ రుణంలో కలుపుకోవచ్చు గానీ, వాయిదాను 20 ఏళ్లూ అలాగే సాగనివ్వకూడదు. నికరంగా పడే 80,000 మీద 8 శాతం వడ్డీతో 20 ఏళ్లు కడితే మొత్తం లక్షా అరవై వేలవుతుంది. అదే ఐదేళ్లలో తీర్చేస్తే 97 వేలతో పోతుంది. రాయితీ రాగానే ఆ 60,000, తర్వాత బిల్లులో మిగిలే నెలకు పదిహేను వందలు అసలుకు జమ చేస్తూ పోండి. వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) గృహ రుణాలకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా ఉండదు.

ఆ 4 లక్షలను ముట్టుకోవద్దు. 30 లక్షల రుణానికి వాయిదా సుమారు 25,100, ఇంటి ఖర్చు 40 వేలు, అంటే ఆ డబ్బు మీకు ఆరు నెలల ఊపిరి. ఇల్లు అనుకున్న అంచనాలో పూర్తికావడం నేను అరుదుగా చూశాను. బ్యాంకు డబ్బును దశలవారీగా విడుదల చేస్తుంది, మేస్త్రీ మాత్రం అంతవరకు ఆగడు. ఆ మధ్య ఖాళీని పూడ్చేదీ ఈ నిధే. రుణానికి సరిపడా టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) లేకపోతే మొదటి విడత తీసుకునేలోపే తీసుకోండి. వడ్డీ మీద పన్ను మినహాయింపును నమ్ముకొని రుణం పెంచుకోవద్దు. సొంతంగా ఉండే ఇంటికి కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు, పాత విధానంలోనూ ఏడాదికి 2 లక్షలే.

చిట్టీని ఇప్పుడు పాడితే వచ్చేది తక్కువ, కట్టాల్సిన నెలసరి మాత్రం చివరి దాకా ఉంటుంది. గృహ రుణం వాయిదా మొదలయ్యే ఏడాదే దాన్ని కూడా నెత్తిన పెట్టుకోకుండా, చివరి నెలల వరకు ఆగి ఎత్తుకోండి.