ఫ్రిజ్ వాటర్ ఫిల్టర్ మనమే మార్చుకోవచ్చా? టీడీఎస్ తగ్గకపోతే అది పనిచేయనట్టేనా?

మార్చుకోవచ్చండీ. టెక్నీషియన్‌ని పిలిచేంత పని కాదు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మీరు కొన్న ఇంట్లో పాత ఓనర్లు ఫ్రిజ్ వదిలేసి వెళ్ళారని, ఫిల్టర్ లైటు ఎర్రగా వెలుగుతోందని, ఒకతను వచ్చి మార్చడానికి 150 డాలర్లు అడిగాడని రాశారు. ఆ డబ్బుకి ఏడాది పైనే సరిపడే ఒరిజినల్ ఫిల్టర్లు వస్తాయి. ఇక టీడీఎస్ మీటర్ పెడితే సింకు నీళ్ళకీ ఫ్రిజ్ నీళ్ళకీ అదే 260 చూపిస్తోంది, వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు, ఆర్ఓ పెట్టించాలా అన్నది మీ రెండో ప్రశ్న. ముందు దీని సంగతి చెప్తాను. ఫిల్టర్ కొనేటప్పుడు ఏం చూడాలో దీన్నుంచే తెలుస్తుంది.

మన ఊళ్ళలో నీళ్ళంటే భయం ప్రధానంగా ఉప్పు గురించే. బోరు నీళ్ళు, గిన్నెల మీద తెల్ల చారలు, ఎంత సేపైనా ఉడకని పప్పు, నల్గొండ వైపైతే ఫ్లోరైడ్. అందుకే ఇంటింటికీ ఆర్ఓ వచ్చింది, దాని వెనకే టీడీఎస్ మీటర్ కూడా వచ్చింది. ఆ మీటర్ చేసేది ఒకటే పని. నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, కరిగిన లవణాలు ఇంత ఉండొచ్చని అంచనా కట్టి చెప్తుంది. క్లోరిన్ వాసన, పురుగు మందుల ఆనవాళ్ళు, సూక్ష్మజీవులు ఇవేవీ దానికి కనిపించవు. ప్రమాదకరమైన మోతాదులో సీసం ఉన్నా ఆ నంబరులో తేడా తెలియదు.

ఫ్రిజ్ ఫిల్టర్‌లో ఉండేది యాక్టివేటెడ్ కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు. క్లోరిన్ రుచి, వాసన, ఇంకా కొన్ని రసాయనాలు దాని దగ్గర ఆగిపోతాయి. కాల్షియం, సోడియం లాంటి లవణాలు మాత్రం దాని గుండా నేరుగా వెళ్ళిపోతాయి. కాబట్టి ఫిల్టర్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా మీ మీటర్ 260 అనే అంటుంది. ఆ 260 అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములన్నమాట, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఆమోదయోగ్యమే. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ రుచి కోసం సూచించిన హద్దు కూడా 500.

మీ వైపు అసలు గమనించాల్సింది వేరే ఉంది. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఆలెన్ ఊళ్ళన్నిటికీ నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ నుంచే నీళ్ళు వస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం వాళ్ళు నీళ్ళు శుద్ధి చేయడానికి క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసింది) వాడతారు. వసంతంలో మాత్రం, సాధారణంగా మార్చిలో, పైపులైన్లు శుభ్రంగా ఉండడానికి కొన్ని వారాలు మామూలు క్లోరిన్‌కి మారతారు. అప్పుడు కుళాయి తిప్పితే ఈతకొలను వాసన వస్తుంది. మేము ప్లేనోలో ఉంటాం. మా ఫిల్టర్ మార్పుల్లో ఒకటి ఫిబ్రవరి చివర, ఇంకోటి ఆగస్టులో వచ్చేలా పెట్టుకున్నాం. కొత్త కార్బన్ ఉన్నప్పుడే ఆ క్లోరిన్ కాలం గడిచిపోతుందని. ఇంకో సంగతి, క్లోరమిన్‌ని వదిలించడం క్లోరిన్ అంత తేలిక కాదు, కార్బన్ దగ్గర నీళ్ళు ఎక్కువ సేపు ఉండాలి. ఫ్రిజ్‌లో అంత తీరిక ఉండదు, గ్లాసు పెట్టగానే నీళ్ళు రావాలి. అందుకే ఏ ఫిల్టర్ పెట్టినా మిగతా నెలల్లో కాస్త రుచి మిగలొచ్చు. అది ఫిల్టర్ పాడైందని కాదు.

ఇక కొనడం. చాలామంది ఫ్రిజ్ కంపెనీ పేరు చూసి కొంటారు, కానీ ఒక్కో కంపెనీకి అరడజను రకాలుంటాయి. పాత ఫిల్టర్ బయటికి తీసి దాని మీద నంబర్ చూడండి. ఉదాహరణకి ఎల్‌జీలో ఎల్‌టీ1000పీ, శాంసంగ్‌లో డీఏ29-00020బీ ఇలా ఉంటాయి. పాత ఓనర్లు ఏదో డూప్లికేట్ పెట్టి ఉండొచ్చు కాబట్టి, ఫ్రిజ్ లోపలి గోడ మీద అంటించిన స్టిక్కర్‌లో మోడల్ నంబర్ కూడా చూసి రెండూ సరిపోల్చుకోండి. కొన్ని మోడళ్ళలో ఫిల్టర్‌కి చిప్ ఉంటుంది. వేరే కంపెనీది పెడితే ఫ్రిజ్ గుర్తుపట్టి డిస్పెన్సరే ఆపేస్తుంది.

ఒరిజినల్ అయితే నలభై, యాభై డాలర్లు. అందులో మూడో వంతుకే దొరికేవి ఆన్‌లైన్‌లో కుప్పలు. వేరే కంపెనీవి అన్నీ చెత్త అని నేను అనను, సర్టిఫికేట్ ఉన్న మంచివీ ఉన్నాయి. కానీ పెట్టె మీద ఎన్‌ఎస్‌ఎఫ్ (ఫిల్టర్లని పరీక్షించి సర్టిఫికేట్ ఇచ్చే సంస్థ) ప్రమాణాల ప్రకారం పరీక్షించాం అని రాసుకోవడానికి ఎవరికీ ఖర్చు లేదు. ఎన్‌ఎస్‌ఎఫ్ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ నంబర్ కొట్టి చూస్తే నిజంగా సర్టిఫికేట్ ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. సర్టిఫికేట్‌లో ప్రమాణం నంబర్ 42 ఉంటే రుచి, వాసన, క్లోరిన్ వరకే. 53 ఉంటే సీసం లాంటి ఆరోగ్యానికి సంబంధించినవి కూడా, అయితే వాటిలో ఏవేవి అన్నది ఆ ఫిల్టర్ డేటా షీట్‌లో చూడాలి. 401 అంటే కొన్ని రకాల మందుల అవశేషాల్లాంటివి. మీ ఇల్లు కొత్తదే అయి ఉంటుంది కాబట్టి 42 ఉన్నా నష్టం లేదు, ధరలో పెద్ద తేడా లేకపోతే 53 తీసుకోండి. 1986 కంటే ముందు కట్టిన ఇళ్ళలో సీసం పైపులో, సీసం టంకమో ఉండే అవకాశం ఉంది, అలాంటి ఇంట్లో మాత్రం 53 లేనిది నేనైతే పెట్టను.

చవక దాంతో ఇంకో తలనొప్పి ఉంది, నీళ్ళ కంటే నేలకి సంబంధించింది. మా పక్కింటి వాళ్ళు ఊరూ పేరూ లేని ఫిల్టర్ ఒకటి పెట్టారు. రబ్బర్ రింగ్ సరిగ్గా కూర్చోక రాత్రంతా బొట్లు బొట్లుగా కారి, ఫ్రిజ్ కింద చెక్క ఫ్లోరింగ్ ఉబ్బిపోయింది. ఫిల్టర్‌లో మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు ఆ రిపేరుకి పోయింది.

మార్చడం నిజానికి రెండు నిమిషాల పని. ఫిల్టర్ ఎక్కడుందో వెతకండి: లోపల పైన కుడి మూల, తలుపు పక్క గోడలో మూత వెనక, లేదా బయట కింద గ్రిల్ దగ్గర. ఇలాంటి వాటిలో చాలావరకు నీళ్ళు కట్టేయనక్కర్లేదు, ఫిల్టర్ బయటికి రాగానే లోపలి వాల్వ్ మూసుకుంటుంది. అయినా కొద్దిగా నీళ్ళు కారతాయి, కింద పాత తువ్వాలు వేసుకోండి. ఫ్రిజ్ వెనక పైపు మధ్యలో బిగించే రకమైతే మాత్రం ముందు వాల్వ్ కట్టేయాల్సిందే. ఐస్ మేకర్ ఆఫ్ చేయండి. తిప్పే రకం అయితే ఎడమకి పావు చుట్టు తిప్పితే వచ్చేస్తుంది, నొక్కే రకం అయితే బటన్ నొక్కితే ముందుకొస్తుంది. పాత దాని రబ్బర్ రింగ్ లోపలే అతుక్కుపోయిందేమో ఒకసారి చూడండి. కొత్త దాని మూత తీసి, రింగ్‌ని నీళ్ళతో తడిపి, నూనెలూ వ్యాజెలిన్‌లూ రాయకుండా, నేరుగా పెట్టి ఆగే దాకా తిప్పండి. ఓ పదిహేను నిమిషాల తర్వాత చేత్తో తడిమి చూసి, తడి లేదంటే సరే.

తొందరపడకూడనిది ఆ తర్వాతి పని దగ్గరే. కొత్త ఫిల్టర్‌లో గాలి, కార్బన్ పొడి ఉంటాయి. డిస్పెన్సర్‌ని ఐదు సెకన్లు నొక్కి, ఐదు సెకన్లు వదిలి, మళ్ళీ నొక్కుతూ గాలి పోయి ధార సరిగ్గా వచ్చేదాకా చేయండి. ఆ తర్వాత మోడల్‌ని బట్టి రెండు నుంచి నాలుగు గ్యాలన్లు, అంటే ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు, పారబోయాలి. మా అమ్మ ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫిల్టర్ మార్చగానే మొదటి గ్లాసు బూడిద రంగులో వచ్చింది. అది చూసి ఆవిడ వారం రోజులు ఆ ఫ్రిజ్ నీళ్ళు ముట్టలేదు, సింకు నీళ్ళు కాచుకుని తాగింది. ఆ నలుపు బొగ్గు పొడే. తెల్లగా పాలలా వస్తే అది గాలి బుడగలు, గ్లాసు అలా పెడితే కింది నుంచి పైకి తేటపడుతుంది. మీ అమ్మగారు వచ్చేలోపే ఈ పని ముగించెయ్యండి, మంచిది. పారబోసే నీళ్ళు మేమైతే కరివేపాకు కుండీకి పోస్తాం. మొదటి ఇరవై నాలుగు గంటల్లో తయారైన ఐస్ కూడా పారేయండి.

ఎర్ర లైటు తనంతట తాను ఆరదు. సాధారణంగా ఫిల్టర్ గుర్తున్న బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆరుతుంది. చాలా ఫ్రిజ్‌లలో ఆ లైటు క్యాలెండరే తప్ప పరీక్ష కాదు. ఆరు నెలలు కాగానే వెలుగుతుంది, అంతే. మీరు పాత ఇంటి వాళ్ళ లెక్కని వారసత్వంగా తెచ్చుకున్నారు కాబట్టి అది చెప్పేది అసలే పట్టించుకోకండి. ఫిల్టర్ మీద 200 గ్యాలన్లు అని ఉందనుకోండి, ఆరు నెలలకి పంచితే రోజుకి నాలుగు లీటర్ల పైన కొంచెం. ఇద్దరికి సరిపోతుంది. పెద్దవాళ్ళు వచ్చి, బియ్యం కడగడానికీ పప్పు పొయ్యి మీద పెట్టడానికీ కూడా ఫ్రిజ్ నీళ్ళే పట్టడం మొదలుపెడితే మూడు, నాలుగు నెలలకే అయిపోతుంది. వంటకి సింకు నీళ్ళు చాలు, అది కూడా వేడి వైపు కాకుండా చల్ల వైపు కుళాయి నుంచి పట్టండి.

గడువు లోపే ధార సన్నబడితే ఫిల్టర్ పూడుకుపోయి ఉండొచ్చు. ఫిల్టర్ తీసి, దాని స్థానంలో ఫ్రిజ్‌తో వచ్చిన బైపాస్ ప్లగ్ (ఫిల్టర్ లేకుండా నీళ్ళని నేరుగా పోనిచ్చే బిరడా) పెట్టి చూడండి. అప్పుడు బాగా వస్తే దోషం ఫిల్టర్‌ది. అయినా సన్నగానే వస్తే వెనక వాల్వ్ సగమే తెరిచి ఉందేమో, తలుపులో గొట్టం గడ్డకట్టిందేమో చూడాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం ఖచ్చితంగా పాటించండి. ఈ ఫిల్టర్లు సూక్ష్మజీవుల కోసం చేసినవి కావు, ఆ మాట వాటి కాగితాల్లోనే ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానప్పుడు టెక్సాస్‌లో చాలా ఊళ్ళలో నీళ్ళు మరగబెట్టి తాగమన్నారు. అలాంటి నోటీసు వస్తే ఫ్రిజ్ నీళ్ళు, ఐస్ రెండూ వదిలేసి, తెర్లేదాకా కాచిన నీళ్ళే తాగండి. నోటీసు ఎత్తేశాక పాత ఐస్ పారేసి, గొట్టాలు కడిగి, కొత్త ఫిల్టర్ పెట్టాలి.

ఆర్ఓ సంగతి. మీ నీళ్ళకి అవసరం లేదు. అయినా అమ్మానాన్నలకి ఆ రుచే అలవాటు, తృప్తి ముఖ్యం అనుకుంటే సింకు కింద చిన్నది పెట్టించుకోండి, తప్పేం లేదు. దాన్నుంచి ఫ్రిజ్‌కి లైను లాగేటప్పుడు ప్రెషర్ చూసుకోండి. ఆర్ఓ ట్యాంకు నుంచి వచ్చే ప్రెషర్ తక్కువ, కొన్ని ఫ్రిజ్‌ల ఐస్ మేకర్లకి అది చాలదు, ఐస్ ముక్కలు బోలుగా, చిన్నగా వస్తాయి. అలా కలిపితే ఫ్రిజ్‌లో ఫిల్టర్ తీసేసి బైపాస్ ప్లగ్ పెట్టండి, ఒకే నీళ్ళని రెండుసార్లు వడకట్టి ఉన్న ప్రెషర్ కూడా పోగొట్టుకోవడం ఎందుకు. మోడల్ నంబర్ ఇక్కడ రాస్తే ఏ ఫిల్టర్ పడుతుందో చూసి చెప్తాను.